అమ్మ చూడని సింహం

మొన్న శనివారం నేను లేచేసరికే మా అమ్మ వంటింట్లో నిలబడి నిమ్మకాయలు పిండుతోంది. ఎనభై దాటిన మనిషి. నాలుగడుగులు వెయ్యడానికి నా భుజం కావాలి గానీ నిమ్మకాయలు పిండటానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. ఏమిటమ్మా ఈ హడావుడి అంటే, సఫారీకి వెళ్దామన్నావుగా, దారిలో పిల్లాడికి ఆకలేస్తే ఏం పెడతావు అని నన్నే నిలదీసింది. సఫారీ అన్నమాట నిజమే. మేముండే చాండ్లర్ నించి రెండు గంటలు డ్రైవ్ చేస్తే కొండల వైపు ఒక జంతువుల పార్కు వస్తుంది. మన కారులో మనం కూర్చుని, అద్దాలు ఎత్తుకుని, వాళ్ళు వేసిన రోడ్డు మీద మెల్లగా పోతుంటే అటూ ఇటూ జంతువులు కనిపిస్తాయి. లోపలే పిజ్జా అమ్ముతారు, ఐస్‌క్రీమ్ అమ్ముతారు. ఇదంతా వివరంగా చెప్పాను. అమ్మ అంతా విని, క్యారియర్ ఎక్కడ పెట్టావని అడిగింది.

పిల్లాడంటే నా మనవడు ఆర్యన్, ఏడేళ్ళవాడు. వాళ్ళమ్మ, అంటే నా కూతురు, ఇక్కడి కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో ఇంజనీరు. శనివారం లేదు, ఆదివారం లేదు, ఎప్పుడూ ఏదో ఒక మెషీన్ ఆగిపోయిందని ఫోన్ వస్తుంది. అంచేత వాడిని ఊరు తిప్పే పని నాది. కారు వెనకసీట్లో వాడి పక్కన కూర్చునే పని అమ్మది. గరాజ్‌లో పైఅర మీది అట్టపెట్టెలో ఉంది క్యారియర్, నాలుగు గిన్నెలది. రెండో గిన్నెకి సొట్ట. అడుగున మా నాన్న పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉంటుంది. కడిగి ఇచ్చాను. ఇంట్లో చింతపండు డబ్బా నిండుగా ఉండగా నిమ్మకాయ పులిహోర ఎందుకమ్మా అంటే, సఫారీకి నిమ్మకాయదే, అంది. ఆ క్యారియర్ ఒకప్పుడు నిజం సఫారీకి వెళ్ళి వచ్చింది. ఆ రోజు కూడా అందులో ఉన్నది నిమ్మకాయ పులిహోరే.

మా నాన్న జాంబియాలో లెక్కల మాస్టారుగా పనిచేశాడు. ఆ రోజుల్లో మనవైపు నించి చాలామంది మాస్టార్లు ఆఫ్రికా దేశాలకి వెళ్ళేవారు. తెనాలి పక్క హైస్కూల్లో పనిచేస్తున్న నాన్న పేపర్లో ప్రకటన చూసి, దరఖాస్తు పడేసి, ఉద్యోగం ఖాయమయ్యాక ఇంట్లో చెప్పాడు. ముందు చేసెయ్యడం, తరవాత చెప్పడం ఆయన పద్ధతి. లెక్క పూర్తిగా చేసి జవాబు కింద గీత గీశాక గానీ ఎవరికీ చూపించని మనిషి, సంసారాన్ని కూడా అలాగే నడిపేవాడు. నాకప్పుడు తొమ్మిదో పదో ఏళ్ళు. ఒక్కదాన్నే పిల్లని.

స్కూలు వాళ్ళిచ్చిన ఇల్లు రేకుల కప్పుది, గచ్చంతా ఎర్రగా నున్నగా ఉండేది. వారానికోసారి ఆ గచ్చుకి ఎర్రమైనం రాసి గుడ్డతో రుద్దేవాళ్ళం. ఆ మైనం వాసన, పొద్దున్నే కిరసనాయిలు స్టవ్ వాసన, నాన్న చొక్కా జేబులో సుద్దముక్కల వాసన, ఈ మూడూ కలిస్తే అది మా ఇల్లు. ఇప్పటికీ హార్డ్‌వేర్ స్టోర్‌లో మైనం డబ్బాల పక్కన నడిస్తే నా కాళ్ళు కాసేపు ఆగుతాయి. నాన్న సాయంత్రం స్కూలు నించి వచ్చి, చెప్పులు గుమ్మం పక్కన ఒకదానికొకటి సరిగ్గా ఆనించి పెట్టి, రేడియో దగ్గర కూర్చుని ఢిల్లీ వార్తల కోసం ముల్లు తిప్పుతూ ఉండేవాడు. అక్కడ గరగరలు తప్ప ఎక్కువ వినపడేది కాదు. అయినా ఆ గరగరని శ్రద్ధగా విని, వానలు పడుతున్నాయట అనేవాడు.

అమ్మ ఆ దేశంలో అడుగుపెట్టిన రోజు నించీ ఒకటే ఫిర్యాదు, ఇక్కడ చింతపండు లేదు. బియ్యం, పప్పులు, పసుపు ఊళ్ళోని గుజరాతీ కొట్లో దొరికేవి. చింతపండు మాత్రం తెనాలి నించి మా అమ్మమ్మ ఓడలో పార్సెల్ పంపించాలి, అది ఎప్పుడొస్తే అప్పుడు. అయిపోయాక టమాటాతో చారు, నిమ్మకాయతో పులిహోర. పులుసు మాటే ఉండేది కాదు. పులుపు పుట్టని నేల మీద మనుషులెలా ఉంటారే అని నన్నడిగేది, ఆ దేశాన్ని నేనే కనిపెట్టినట్టు.

అసలు గొడవ చింతపండుది కాదు. మా పిన్నికి, అంటే అమ్మ ఒక్కగానొక్క చెల్లెలికి, పెళ్ళి కుదిరింది. నాన్న ఒప్పందం ప్రకారం ఆ ఏడాదికి మేం ఇండియా వెళ్ళిపోవాలి. కానీ నాన్న ఎవరికీ చెప్పకుండా ఇంకో మూడేళ్ళకి సంతకం పెట్టేశాడు. ఎప్పటిలాగే తరవాత చెప్పాడు. విమానం చార్జీలు కొత్త ఒప్పందం చివరగానీ ఇవ్వరు. పెళ్ళికి అమ్మ వెళ్ళలేకపోయింది. పెళ్ళి ఫోటోలు పోస్టులో వచ్చిన రోజు అమ్మ వాటిని ఒక్కొక్కటే చూసి, కవర్లో పెట్టి, నాన్నతో మాట్లాడటం మానేసింది. కేకలు లేవు, ఏడుపులు లేవు. మనిషిని మనిషి అని గుర్తించకపోవడం, అంతే. "మీ నాన్నగారికి చెప్పు, అన్నం పెట్టానని." "మీ అమ్మకి చెప్పు, ఇంకొంచెం కూర వెయ్యమని." ఇద్దరూ ఒకే గదిలో చేతికందే దూరంలో ఉండేవాళ్ళు, మధ్యలో నేను అటూ ఇటూ మాటలు మోసేదాన్ని. అంతకుముందు రోజుకి వందసార్లు వినపడే మాట ఒకటి ఇంట్లోంచి పోయింది. ఏమండీ. ఏమండీ, పాలు పొంగుతున్నాయి. ఏమండీ, వాన. ఏమండీ, ఎవరో వచ్చారు. ఆ పిలుపు లేకపోతే ఇల్లు ఎంత ఖాళీగా ఉంటుందో పిల్లదాన్ని నాకే తెలిసింది. నాన్నకి ఎంత తెలిసిందో ఆయన గడ్డం గీసుకోవడం మరచిపోతున్నప్పుడు చూశాను.

చివరికి ఒకరోజు అమ్మ నా ద్వారా కబురు పెట్టింది, నన్ను తీసుకుని తెనాలి వెళ్ళిపోతానని, టికెట్లకి తన గాజులు అమ్మెయ్యమని. నాన్న అన్నం కలుపుతున్నవాడు ఆగిపోయాడు. నావైపు చూస్తూ, అమ్మకి వినపడేలాగా అన్నాడు: "గాజులు అమ్మక్కర్లేదు. ఇన్నాళ్ళు ఆఫ్రికాలో ఉండి సింహాన్ని కూడా చూడకుండా వెళ్ళిందంటే నలుగురూ నవ్వుతారు. ఒక్కసారి సింహాన్ని చూడమను. చూసిన మర్నాడే మీ ఇద్దరికీ టికెట్లు తీస్తాను." ఆయన మాట అంటే మాటే, ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. సింహాన్ని చూస్తే అమ్మ మనసు మారుతుందని ఆయన ఆశ కాబోలు. ఎందుకు మారాలో ఆ లెక్కల మాస్టారి దగ్గర జవాబు ఉండి ఉండదు. సరే అన్నానని చెప్పు, అంది అమ్మ. నేను చెప్పాను. చెబుతున్నప్పుడే అర్థమైంది నాకు, సింహం కనపడిందంటే మా ముగ్గురిలో నాన్న ఒక్కడూ ఈ ఎర్రగచ్చు ఇంట్లో మిగిలిపోతాడని.

ఆగస్టు సెలవుల్లో నాన్న తోటి మాస్టారి దగ్గర పాత స్టేషన్ వ్యాగన్ అడిగి తెచ్చాడు. పార్కు మా ఊరికి మట్టిరోడ్డు మీద రెండు గంటలు. సింహాలు పొద్దున్న చల్లటి వేళే బయట తిరుగుతాయి, ఎండెక్కితే పొదల్లో పడుకుంటాయి, అంచేత చీకటి ఉండగానే బయల్దేరాలని నాన్న పదిసార్లు చెప్పాడు. ఆ రోజు ఉదయం వర్జ్యం ఉందని అమ్మ పంచాంగం చూసి కబురు పెట్టింది. వర్జ్యంలో గడప దాటే ఆచారం మా అమ్మమ్మ ఇంట్లో లేదు. నాన్న కాగితం తీసుకుని లెక్క వేశాడు. పంచాంగం ఇండియా టైముకి రాసింది. మనకి వాళ్ళకి మూడున్నర గంటల తేడా. తీసేస్తే ఇక్కడ వర్జ్యం తెల్లవారకముందే వచ్చి వెళ్ళిపోతుంది, కాబట్టి అయిదింటికి హాయిగా బయల్దేరచ్చు. ఆ లెక్క నేను మోసుకెళ్ళి అమ్మకి అప్పజెప్పాను. అమ్మ గోడ గడియారం వైపు చూసి, "మీ నాన్నగారికి చెప్పు. మనం ఎక్కడుంటే వర్జ్యం అక్కడే ఉంటుంది, తెనాలిలో ఉండదు," అంది. నాన్న కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తెల్లవారింది, ఎండ వచ్చింది, పక్కింటివాళ్ళు లేచి పళ్ళు తోముకుంటూ మమ్మల్ని చూశారు. మేం ముగ్గురం స్నానాలు చేసి, మంచిబట్టలు కట్టుకుని, క్యారియర్ ముందు పెట్టుకుని, వర్జ్యం వెళ్ళేదాకా గడప లోపల బాసింపట్లు వేసుకుని కూర్చున్నాం. నేను లోలోపల సంతోషించాను. సింహాలు ఈపాటికి పడుకోవడానికి వెళ్తూ ఉంటాయనుకున్నాను.

గేటు చేరేసరికి ఎండ మాడ్చేస్తోంది. కాపలా మనిషి టికెట్లు చింపుతూ, ఇంత పొద్దెక్కి వస్తున్నారేమిటని నవ్వాడు. నాన్న కారు దిగి అతనికి వర్జ్యం గురించి ఇంగ్లీషులో వివరించబోయి మధ్యలో మానుకున్నాడు. లోపల రోడ్డంటే రెండు చక్రాల జాడలు, మధ్యలో ఎండు గడ్డి. గడ్డి రంగు, నేల రంగు, జింకల రంగు ఒకటే. కదిలితే జింక, కదలకపోతే నేల. అలా ఎన్ని గంటలు తిరిగామో. చారల గుర్రాలు కనపడ్డాయి, మా కారు చూసి తోకలాడించి వెళ్ళిపోయాయి. నది ఒడ్డున నీటిగుర్రాలు బండరాళ్ళలాగా పడి ఉన్నాయి. ఒక అడవిపంది తోక నిటారుగా పెట్టుకుని మా ముందు నించి పరిగెత్తితే, అమ్మ కళ్ళు మూసుకుని, పొద్దున్నే లేచి ఎవరి మొహం చూశానో అని గొణుక్కుంది. పొద్దున్నే ఆవిడ చూసింది పంచాంగం. నాన్న ప్రతి జంతువు దగ్గరా కారు ఆపి, అది ఏం తింటుంది, ఎలా పరిగెత్తుతుంది అని పాఠం చెప్పాడు. వినవలసిన మనిషి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. పాఠమంతా నేనే విన్నాను.

ఎదురొచ్చిన ప్రతి కారునీ నాన్న ఆపి సింహం సంగతి అడిగాడు. ఒకాయన నిన్న నది మలుపు దగ్గర చూశామన్నాడు. ఇంకొకాయన పొద్దున్న, మేం గడప లోపల కూర్చుని ఉన్న వేళ, గేటు పక్కనే నాలుగు సింహాలు రోడ్డు దాటాయన్నాడు. నాన్న కారు గేరు మార్చాడు. ఆయన ఎంత పట్టుదలగా వెతికాడో చూస్తే నాకు కోపం వచ్చింది. ఇంట్లో భార్యని పోగొట్టుకోవడానికి ఇంత కష్టపడే మనిషి ఉంటాడా అనిపించింది. ఇప్పటి మాటల్లో చెబుతున్నాను గానీ, అప్పుడు నాకు తెలిసింది ఏడుపు రావడం ఒక్కటే. దేవుడా, సింహాలన్నిటికీ నిద్ర పట్టించు అని మొక్కుకున్నాను. మధ్యాహ్నం చెట్టు నీడన కారులోనే అద్దాలెత్తుకుని పులిహోర, పెరుగన్నం తిన్నాం. నిమ్మకాయ వాసన, ఆవకాయ వాసన, కారు సీటు కాలిన వాసన కలిసి ఊపిరాడలేదు. ఒక కోతి తన పిల్లని పొట్టకి హత్తుకుని బానెట్ ఎక్కి మా గిన్నెల వైపు చూసింది. "మీ నాన్నగారినడుగు, దానికో ముద్ద పెట్టచ్చేమో, పిల్లతల్లి," అంది అమ్మ. పెట్టకూడదని నాన్న నాకు చెప్పాడు. కోతి వెళ్ళిపోయేదాకా అమ్మ కూడా తినలేదు.

పొద్దు వాలుతుండగా రోడ్డు ఒక చెదల పుట్ట పక్క నించి తిరిగింది. ఆ పుట్టలు అక్కడ ఇంటి ఎత్తుంటాయి, వాటి మీద చెట్లు మొలుస్తాయి. ఆ మలుపులో ఏనుగులున్నాయి. నాన్న ఇంజన్ ఆపేశాడు. మా ముందు రోడ్డు మీద ఒకటి, చెట్టు చుట్టూ ఇంకో ఏడో ఎనిమిదో, వాటి కాళ్ళ మధ్య గున్న ఒకటి. వెనక్కి తిప్పడానికి చోటు లేదు. రోడ్డు మీదున్న పెద్దది మావైపు చెవులు విప్పి నిలబడింది. నాకు దాని కంటి వెంట్రుకలు కనపడ్డాయి. కుక్కని చూస్తే వీధి మారే మనిషి నాన్న. అప్పుడు చెట్టు కింది ఏనుగు తొండం ఎత్తి కొమ్మ పట్టుకుని ఊపింది. పైనించి ఎండుకాయలు గలగలా రాలాయి. గున్న ముందుకెళ్ళి ఏరుకుని నోట్లో పెట్టుకుంది.

"ఏమండీ," అంది అమ్మ.

నాన్న అలవాటు కొద్దీ నావైపు తిరిగాడు, నేను ఏం చెబుతానో అని. నిన్నే నాన్నా, అన్నాను. అమ్మ ముందుసీటు అంచు పట్టుకుని ముందుకి వంగి ఉంది. ఆయన భుజం మీద చెయ్యి వేసింది. "ఏమండీ, అది చింతచెట్టు కాదూ?"

చింతచెట్టే. మనం మనదనుకునే చెట్టు పుట్టినిల్లు ఆఫ్రికానేనని తరవాత ఎప్పుడో తెలిసింది. ఆ సాయంత్రం మాకు తెలిసింది ఒక్కటే, సన్నని ఆకు, ముదురుగోధుమ రంగు కాయ, ఓడలో పార్సెల్ కోసం నెలలు కాచుకున్న వస్తువుని, మా ఇంటికి రెండు గంటల దూరంలో ఏనుగులు మేస్తున్నాయి. అమ్మ నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో. అవి కూడా పులుపు తింటున్నాయండీ చూడండి, అని అంటూనే ఉంది, ఆగకుండా, నేరుగా ఆయనతోనే. ఆకు చూడండి, కాయ చూడండి, ఆ గున్నకి పళ్ళు పులవవూ. నాన్న ఏనుగుల్ని చూడటం మానేసి అద్దంలో అమ్మనే చూస్తూ కూర్చున్నాడు.

ఏనుగులు తీరిగ్గా తిని, ఒకదాని వెనక ఒకటి రోడ్డు దాటి గడ్డిలోకి వెళ్ళాయి. పెద్దది చివర వెళ్ళింది. వెళ్ళిందో లేదో నాన్న తలుపు తీశాడు. పార్కులో కారు దిగకూడదని గేటు దగ్గర పెద్ద బోర్డుంది, మాకు చదివి వినిపించింది ఆయనే. భుజం మీది తువ్వాలు విప్పి పట్టుకుని చెట్టు కిందికి పరిగెత్తి, వంగి, రెండు చేతులా కాయలు ఏరడం మొదలుపెట్టాడు. గడ్డిలో పెద్ద ఏనుగు వెనక్కి తిరిగి చెవులు విప్పింది. "ఏమండీ, చాలు, వచ్చెయ్యండి," అంటోంది అమ్మ. ఆయన ఇంకో గుప్పెడు ఏరాడు. ఏనుగు ఒక అడుగు వేసింది. నాన్న తువ్వాలు కడుపుకి అదుముకుని పరిగెత్తాడు, ఒక చెప్పు అక్కడే వదిలేశాడు, కారెక్కి తలుపు వేసుకుని స్టీరింగ్ మీదికి వాలిపోయాడు. అమ్మ ఆయన వీపు రాసింది. ఏం మనిషండీ మీరు, అని తిట్టింది. ఆ తిట్లు వింటుంటే నాకు కడుపు నిండినట్టయింది. ఖాళీ క్యారియర్ గిన్నెలు నాలుగూ కాయలతో నింపుకున్నాం. రెండో గిన్నెకి ఆ సొట్ట ఆ కంగారులో పడిందే.

గేటు బయటికి వచ్చేసరికి చీకటి పడబోతోంది. నాన్న గొంతు సవరించుకున్నాడు. సింహం కనపడలేదనీ, తప్పు తనదేననీ, ఇంకా ముందే బయల్దేరాల్సిందనీ అన్నాడు. అయినా ఇచ్చిన మాట ఇచ్చినట్టే, రేపు టికెట్లు తీస్తాను, అన్నాడు. అమ్మ ఒళ్ళో క్యారియర్ సర్దుకుంది.

"సింహాన్ని చూశాక కదా టికెట్లన్నారు," అంది. "నేనింకా చూడలేదుగా."

మర్నాడు మా ఇంట్లో ముక్కల పులుసు కాచింది అమ్మ. ఆ వాసనకి గచ్చు మైనం వాసన కూడా ఓడిపోయింది. మళ్ళీ ఎప్పుడు సింహం కోసం వెళ్దామని నాన్న అడిగితే, తొందరేముంది లెండి, అంది. చింతకాయల కోసం మాత్రం ప్రతి ఆగస్టుకీ వెళ్ళేవాళ్ళం. వర్జ్యం లేని రోజు చూసుకుని చీకటితోనే వెళ్ళేవాళ్ళం. సింహాలు కనపడకుండా ఉంటాయా? మరుసటి ఏడే కనపడ్డాయి. రోడ్డుకి పదడుగుల దూరంలో రెండు ఆడసింహాలు, ఎండలో వెల్లకిలా పడుకుని ఉన్నాయి. నేను సింహం అని అరిచాను. అరిచాక ఏమన్నానో తెలిసి నోరు మూసుకున్నాను. అమ్మ గబుక్కున తల వంచి క్యారియర్ మూత బిగిస్తోంది. నాన్న కారు వేగం తగ్గించకుండా, అటు తల తిప్పి చూసి, "సింహమేమిటే, చెదల పుట్ట," అన్నాడు. చెదల పుట్టలు తోకలు ఊపుతున్నాయి. అవునా, అన్నాను. అద్దంలో నాన్న కళ్ళు నవ్వుతున్నాయి. అమ్మ పెదాలు బిగించుకుంది గానీ భుజాలు కదులుతున్నాయి.

అప్పటినించీ అది మా ఇంటి ఆచారమైపోయింది. సింహం కనపడితే అమ్మ తల వంచేది, నాన్న చెదల పుట్ట అనేవాడు. జూలు విప్పి రోడ్డు మధ్యలో నిలబడ్డ మగసింహం కూడా మా ఇంట్లో చెదల పుట్టే. నా హైస్కూలు అయ్యేదాకా ఆ దేశంలోనే ఉన్నాం. అమ్మ ఎందుకు ఉండిపోయిందని నేనెప్పుడూ అడగలేదు. ఏనుగుల మధ్య తువ్వాలు పట్టుకుని పరిగెత్తిన మనిషిని చూశాక ఆవిడకి వెళ్ళబుద్ధి కాలేదని నేననుకుంటాను. నాన్న ఆ తరవాత చెప్పకుండా సంతకాలు పెట్టలేదు. మూడేళ్ళు పూర్తయినప్పుడు కాగితం తెచ్చి అమ్మ ముందు పెట్టి నిలబడ్డాడు. ఆవిడ చదివినట్టు నటించి, పెట్టండి, అంది. తరవాత ఊళ్ళు మారాం, నాకు పెళ్ళయి ఇటొచ్చాను, రిటైరయ్యాక వాళ్ళిద్దరూ నా దగ్గరికి వచ్చారు. టీవీలో జంతువుల ప్రోగ్రాములొచ్చినా అదే వరస. సింహం రాగానే అమ్మ సోఫాలో అటు తిరిగేది, నాన్న రిమోట్ పట్టుకుని చెదల పుట్టల గురించి చూపిస్తున్నారు అనేవాడు. నా కూతురు చిన్నప్పుడు నిజంగానే లయన్‌కి తెలుగు చెదల పుట్ట అనుకుంది. నాన్న పోయి రెండేళ్ళవుతోంది. ఏమండీ అన్న పిలుపు మళ్ళీ మా ఇంట్లోంచి పోయింది, ఈసారి తిరిగి రాదు.

మొన్నటి పార్కులో వెతుక్కునే శ్రమ లేదు. ఫోన్‌లో యాప్ వేసుకుంటే, ఎడమవైపు జిరాఫీలు, కుడివైపు ఎలుగుబంట్లు అని ఒకావిడ గొంతు చెబుతూ ఉంటుంది. జంతువులు చెప్పిన చోటే ఉంటాయి. రోజంతా తిరిగి ఏమీ కనపడని విసుగు ఆర్యన్‌కి ఎప్పటికీ తెలియదు. దానికి నేను సంతోషించాలో జాలిపడాలో తేలలేదు. వాడు సగం చూస్తాడు, సగం టాబ్లెట్‌లో ఆడతాడు, మధ్యమధ్య తాతమ్మకి ఇంగ్లీషులో పాఠం చెబుతాడు. అమ్మ మా నాన్న పాఠాలు వినలేదు గానీ వీడివి శ్రద్ధగా వింటుంది, ముక్క అర్థం కాకపోయినా. దారిలో ఏనుగుల బొమ్మ కనపడితే, వీటికి ఇక్కడ పులుపు ఎవరు పెడతారే అని నన్నడిగింది.

సింహాల దగ్గర కంచె లోపల ఒక ఎత్తయిన దిబ్బ కట్టి ఉంది. మగసింహం కంచె పక్కకే వచ్చి కూర్చుంది, మా కారుకి సరిగ్గా ఎదురుగా. యాప్‌లో ఆవిడ కూడా అదే చెప్పింది. ఆర్యన్ సీటు బెల్టులోంచి ఎగిరినంత పని చేశాడు. "తాతమ్మా, చూడు, లయన్. రియల్ లయన్."

నేను స్టీరింగ్ పట్టుకునే ఉన్నాను. నా నోట ఎలా వచ్చిందో వచ్చింది. "లయన్ కాదు నాన్నా, చెదల పుట్ట."

"అమ్మమ్మా, నో. దట్స్ లిటరల్లీ ఎ లయన్," అన్నాడు వాడు, నాకు మతిపోయిందేమో అన్నట్టుగా.

అద్దంలో అమ్మని చూశాను. ఒళ్ళో క్యారియర్ ఉంది. తల వంచుతుందనుకున్నాను. వంచలేదు. సంచిలోంచి కళ్ళజోడు తీసి, చీర చెంగుతో తుడుచుకుని, పెట్టుకుని, సింహం వైపు తిరిగింది. అది ఆవలించింది. మీసాల దగ్గర ఈగలు ముసురుతున్నాయి. అమ్మ కళ్ళార్పకుండా చూసింది. మా వెనక కారు హారన్ కొట్టాక ఇవతలికి తిరిగి, కళ్ళజోడు మడిచి లోపల పెట్టుకుంది. పులిహోర గిన్నె మూత తీసి పిల్లాడి చేతికి చెంచా ఇచ్చింది.

చూశావా అమ్మా, అన్నాను.

"చూశానే," అంది. "ఇప్పుడిక టికెట్లు తీసే మనిషి లేడుగా."